పీచులో గాజు

ఫర్నేసులోంచి బయటికి తీసిన పళ్ళెంలో గాజు మూడు చోట్ల ఉంది. రెండు చోట్లే ఉండాలి.

మా ఇంజనీరింగ్ కాలేజీలో మూడో సంవత్సరం పిల్లలకి చిన్న ప్రయోగం చూపిద్దామని మొదలుపెట్టాను. కొబ్బరి పీచునీ గాజు నూలుతో నేసిన గుడ్డనీ పొరలు పొరలుగా పరిచి, మధ్య మధ్య రెజిన్ పోసి ఆరబెడితే గట్టి పలక తయారవుతుంది. అందులో గాజు ఎంత ఉందో తేల్చాలంటే ముక్క కోసి కరెంటు కొలిమిలో పెడతాం. రెజిన్ కాలిపోతుంది, పీచు బూడిదవుతుంది, గాజు ఒక్కటే తెల్లగా మిగులుతుంది. కొత్త పలక పాడుచెయ్యడం ఎందుకని, ఆరేళ్ళుగా బీరువా మీద పడి ఉన్న నా పిహెచ్‌డి నాటి పలక ముక్క ఇచ్చాను. పైన ఒక పొర గాజు, కింద ఒక పొర గాజు, మధ్యలో అంతా పీచు. నా థీసిస్ మొత్తం ఆ అమరిక మీదే ఉంది.

"మేడమ్, మధ్యలో కూడా ఉందండి," అంది ఒకమ్మాయి పట్టకారుతో బూడిద కదుపుతూ.

"పై పొర జారి ఉంటుంది."

"లేదండి. పైది పైనే ఉందండి. కిందది కిందే ఉంది."

పళ్ళెం ఇటు లాక్కున్నాను. మధ్యలో ఉన్నది గుడ్డ కాదు, దూది ఏకినట్టు విడదీసి పరిచిన గాజు పోగులు. ఎవరో ఓపిగ్గా కూర్చుని, పోగు పోగూ విడదీసి, పీచుకి సమంగా పట్టించారు. పొరపాటున పడేవి అలా పడవు. అంత ఓపిక ఉన్న మనిషి నాకు తెలిసి ఒక్కరే. ఆయన కిందటి కార్తీకంలో చనిపోయారు.

ఆ పూట క్లాసు ఎలా ముగించానో నాకు గుర్తులేదు. భయం తరవాత వచ్చింది, ముందు వచ్చింది కోపం. ఆయన బతికి ఉంటే ఆ క్షణమే బస్సెక్కి వెళ్ళి నాలుగు దులిపేసి ఉండేదాన్ని.

ఆయన ఓడలరేవులో ఫైబర్ పడవలకి మాట్లు వేసే మేస్త్రి. సరుగుడు తోట పక్కన తాటాకుల షెడ్డు, ముందు బోర్లించిన పడవలు, ఎప్పుడూ ముక్కుకి పట్టుకునే రెజిన్ ఘాటు. పలక చెయ్యడం నేర్చుకుందామని అమలాపురం నుంచి వెతుక్కుంటూ వెళ్ళాను. పుస్తకంలో ఆ విధానం గురించి నాలుగు వాక్యాలున్నాయి. ఆ నాలుగు వాక్యాలు నమ్ముకుని నేను చేసిన మొదటి పలక అప్పడంలా బుడగలు తేలి వంకర తిరిగింది.

సంచీలోంచి పీచు చాప తీసి చూపిస్తే ఆయన నవ్వలేదు. మర్యాదస్థుడు. లోపలికి తిరిగి భార్యని పిలిచారు.

"ఏమేవ్, ఇలా రా. అమ్మాయిగారు అంట్లు తోముకునే పీచు తెచ్చేరు. దీన్ని పడవల్లో వేద్దారంటున్నారు."

ఆవిడ వచ్చి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయారు.

"దీని మీద డాక్టరేటు ఇస్తారాండీ?" అని అడిగారాయన, చాలా జాగ్రత్తగా.

"ఇస్తారండి."

"ఆయ్. మరైతే చేసెయ్యాల్సిందేనండి."

ఆ రోజు నుంచి రెండేళ్ళు నేను ఆయనకి 'అమ్మాయిగారు'. నా వయసు అప్పటికే ముప్ఫై దాటింది. తల్లో తెల్ల వెంట్రుకలు కనపడుతున్నా ఆయనకి నేను పరీక్షకి చదువుకుంటున్న ఆడపిల్లనే. అది నాకు ముద్దుగానే ఉండేది కాబట్టి దిద్దలేదు.

ఆయన్ని తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది చెంచా. ఆ ఊళ్ళో చేపల పులుసు అన్నం చెంచాతో తినే మనిషి ఆయనొక్కరే. రోజంతా గాజు గుడ్డ కత్తిరించే చేతులకి కంటికి కనపడని నలుసులు అంటుకుని ఉంటాయి. ఎంత తోమి కడిగినా ఎక్కడో ఒకటి మిగులుతుంది. అది కడుపులోకి పోకూడదని చెంచా. "కలెక్టరుగారు భోంచేస్తున్నారు, తప్పుకోండెహె," అని తోటివాళ్ళు ఎగతాళి చేసేవారు. ఆయన తలవంచుకుని తినేవారు. పక్కింటివాళ్ళు మనవరాల్ని చూపించడానికి తెస్తే రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, మెడ ముందుకు సాచి, "ఆయ్ బంగారుతల్లీ, ఆయ్," అంటూ అంత దూరం నుంచే ముద్దు చేసేవారు. ఆ పిల్ల ఎంత చేతులు చాపినా ఎత్తుకునేవారు కాదు.

పనిలో దిగే ముందు మోచేతుల దాకా కొబ్బరినూనె రాసుకునేవారు. నన్నూ రాసుకోమన్నారు. గ్లవ్స్ తెచ్చుకున్నానండి అన్నాను, గొప్పగా. ఆ వారమంతా మెడా మోచేతులూ గోక్కుంటూనే ఉన్నాను. మళ్ళీ వెళ్ళినప్పుడు ఆయన ఏమీ అడగలేదు. నూనె గిన్నె మాత్రం నా పీట పక్కనే పెట్టి ఉంది.

రెజిన్‌లో హార్డ్‌నర్ కలపడాన్ని ఆయన పాకం పట్టడం అనేవారు. "అరిసెల పాకమేనండి ఇదీను. ముదిరిందా, రాయి. లేతగా ఉందా, సాగుద్ది." నేను గడియారం చూసుకుని, కొలత గ్లాసు కళ్ళెదుట పెట్టుకుని, నోట్సు రాసుకుంటూ కలిపేదాన్ని. ఆయన డబ్బాకి బయటి నుంచి అరచెయ్యి ఆనించి, "ఇంక చాలండి, ఒళ్ళు వెచ్చబడతంది," అనేవారు. ఒక్కసారి కూడా తప్పలేదు. నా నోట్సులో ఆ అరచెయ్యికి ఏ గడీ లేకపోవడంతో దాని సంగతి నేను ఎక్కడా రాయలేదు.

పొర మీద పొర పరిచి రోలరు తిప్పుతుంటే కింద గాలి చిక్కుకుంటుంది. ఆ గాలి బుడగల్ని వేటాడటం ఆయనకి ఒక వ్యసనం. "గాలి దొంగండి. దూరేటప్పుడు చప్పుడు చెయ్యదు. సముద్రంలోకెళ్ళేక బయటపడద్ది," అనేవారు. బొటనవేలి గోరుతో దాన్ని నెమ్మదిగా తోసుకుంటూ అంచుదాకా తెచ్చి, అది చిట్లి బయటికి పోయాక, "ఎళ్ళిరా నాయనా," అని సాగనంపేవారు. ఒక్కో బుడగకి పది నిమిషాలు. నాకు బస్సు టైమైపోతుందని ఒళ్ళు మండేది. వదిలెయ్యండి మేస్త్రిగారూ, ఇది పడవ కాదు కదా అనేదాన్ని. "ఆయ్," అనేవారు. వదిలేవారు కాదు.

మా వైపు 'ఆయ్' అంటే ఒప్పుకున్నట్టని పై ఊళ్ళవాళ్ళు అనుకుంటారు. 'మీరన్నది నా చెవిన పడింది' అని దాని అసలు అర్థం. ఆ తరవాత మనిషి తనకి తోచిందే చేస్తాడు. అమలాపురంలో పుట్టి పెరిగినదాన్ని, ఈ సంగతి నాకు ఒకరు చెప్పాలా?

ఒకసారి మాత్రం ఆయన నాకు ఎదురు చెప్పినంత పని చేశారు. పోల్చి చూడటానికి గాజు అసలే లేని పలక కావాలన్నాను, వట్టి పీచుది.

"అది దేనికి పనికొస్తదండీ?"

"దేనికీ కాదండి. గాజు ఉన్నదానికీ లేనిదానికీ తేడా తెలియాలి కదా."

"తేడా నేను చెప్తానండి. ఇది విరిగిపోద్ది."

"ఎంత బరువుకి విరుగుతుందో కావాలండి నాకు."

ఆయన చేశారు. కానీ అది ఇచ్చేటప్పుడు మొహం పక్కకి తిప్పుకున్నారు. ఇంటికొచ్చిన చుట్టానికి పాచిపోయిన కూర వడ్డించిన మనిషి ఎలా ఉంటారో అలా ఉన్నారు. ఆయన వేసిన అతుకు నడిసముద్రంలో ఊడితే మనుషులు పోతారు. ఆ భయంతోనే ఆయన జీవితమంతా గడిచింది. బలం లేని వస్తువు తన చేతుల మీదుగా గడప దాటడం ఆయన వల్ల అయ్యేది కాదు.

మొదటి విడత ముక్కలు కాలేజీ లాబ్‌లో యంత్రానికి బిగించి లాగాం. రెండు వైపులా పట్టుకుని, అది తెగేదాకా లాగుతుంది యంత్రం. ఎంత బరువు దగ్గర తెగిందో అదే మాకు కావలసిన అంకె. తెగడాన్ని మేం 'ఫెయిలవడం' అంటాం. అది మాకు తిట్టు కాదు. ముక్క ఫెయిలవకపోతే పరీక్షే జరగనట్టు. ఆ రోజు అన్నీ సక్రమంగా తెగాయి. నేను హుషారుగా ఓడలరేవు వెళ్ళాను. ఆయన పడవ అడుగున రోలరు తిప్పుతున్నారు. ఆయన భార్య బోండం కొట్టి ఇచ్చారు.

"ఏమయ్యేయండీ మనయ్యి?" అన్నారు మేస్త్రిగారు.

"అన్నీ ఫెయిలయ్యాయి మేస్త్రిగారూ! ఒక్కటి కూడా మిగల్లేదు."

రోలరు ఆగింది. "అన్నీనాండీ?"

"అన్నీనండి. ఇంక రెండో విడత చేసుకోవాలి."

"ఆయ్," అన్నారు. తరవాత ఇంకో మాట అన్నారు: "ఈసారి మీరు రానక్కర్లేదండి. పీచు ఇచ్చి వెళ్ళిపోండి. మేం చేసి ఉంచుతాం. మీకు కాలేజీలో బోలెడు పనుంటది."

ఎగిరి గంతేశాను. ఎండలో బస్సులెక్కి తిరగడం తప్పినందుకు లోలోపల మహా సంతోషం. రెండో విడత కోసం పీచుని కాస్టిక్ సోడా నీళ్ళలో నానబెట్టి, కడిగి, ఆరబెట్టి ఇచ్చాను. అలా చేస్తే పీచు మీది జిడ్డు పోయి రెజిన్ బాగా పడుతుంది. ఆయన ఆ పీచు చేతిలోకి తీసుకుని చూసి, "తలంటు పోసి తెచ్చేరన్నమాట," అన్నారు.

రెండో విడత పలకలు తెగడానికి యంత్రం పడ్డ అవస్థ ఇంకా నా కళ్ళముందే ఉంది. అంకెలు చూసి నేను కుర్చీలోంచి లేచాను. వంచి చూసినా అంతే, లాగి చూసినా అంతే. ఆ బలమంతా తలంటు మహిమ అని తీర్మానించేశాను. నా నాలుగో అధ్యాయం నిండా అదే. తెగిన చోట తెల్లటి పోగులు కనపడ్డాయి. పై పొరవి అనుకున్నాను. అంకె తక్కువ వచ్చి ఉంటే భూతద్దం పెట్టి గాలించేదాన్ని. బాగా వచ్చిన అంకెని నేను అనుమానించలేదు.

ఆ థీసిస్‌లో ఇంకొక వాక్యం ఉంది. పలకలన్నీ పరిశోధకురాలు స్వయంగా తయారుచేసినవి అని. షెడ్డులో ఒక మేస్త్రి చేశాడంటే పరీక్షకులు ఏమంటారోనని రాశాను. రాసేటప్పుడు రెండోసారి ఆలోచించలేదు.

డిగ్రీ వచ్చాక స్వీటు పెట్టె పట్టుకుని వెళ్ళాను. ఆయన చెంచాతో మైసూర్‌పాకు తుంచుకుని తిన్నారు. తరవాత, "ఆ పుస్తకం ఒకటి ఇప్పించండి. ఇంట్లో ఉంచుకుంటాం," అన్నారు. ఒక కాపీ ఇచ్చాను. ఆ తరవాత నేను వెళ్ళడం తగ్గింది, ఆపైన మానేశాను. కార్తీకంలో రెండు రోజుల జ్వరంతో పోయారని నాకు తెలిసేసరికి పదకొండో రోజు. వాల్యుయేషన్ డ్యూటీ ఉందని వెళ్ళలేదు. ఒక్క రోజు సెలవు పెడితే ఏమయ్యేది? ఏమీ అయ్యేది కాదు.

ఇప్పుడు మళ్ళీ ఆ పళ్ళెం దగ్గరికి వస్తాను. కాలిన ముక్కలో మూడో గాజు కనపడటం నా ఒక్కదాని పరువు సంగతి అయితే గుటక వేసి ఊరుకునేదాన్నేమో. ఐ.పోలవరం వైపు ఒక పేటకి మురుగు కాలువ మీద కొబ్బరి దుంగల వంతెన ఉంది. దుంగలు పుచ్చిపోయాయి. అంగన్‌వాడీకి వెళ్ళే పసిపిల్లలు దాని మీద నుంచే నడవాలి. వాటి స్థానంలో మా పీచు పలకలు వేస్తామని కాలేజీ తరఫున మాట ఇచ్చాం. నా థీసిస్‌లోని అంకెలతో లెక్కకట్టి, నా థీసిస్‌లో రాసిన పద్ధతిలోనే మా కాలేజీ పిల్లలు పలకలు చేశారు. పైన గాజు, కింద గాజు, మధ్య పీచు. వచ్చే సోమవారం బిగించడం.

ఆ మధ్యాహ్నమే వర్క్‌షాపులో తయారైన ఒక పలకని రెండు దిమ్మల మీద పెట్టించి, ఇసుక బస్తాలు ఒకటొకటే వేయించాను. నా లెక్క ప్రకారం మొయ్యాల్సిన బరువులో సగం దగ్గరే పలక కిందికి వంగింది. ఇంకో బస్తా పడగానే చిటపటమంది. ఆ పైది పడగానే నడిమికి చీలిపోయింది. పిల్లలు కేకలు వేసి వెనక్కి గెంతారు. నేను గెంతలేదు. సోమవారానికి ఇంకా నాలుగు రోజులుంది.

హెచ్.ఓ.డి.గారు చెడ్డ మనిషి కాదు. పలకలు ఆపెయ్యమంటే మారు మాట్లాడకుండా పేటవాళ్ళకి ఫోన్ చేశారు. తరవాత టీ తెప్పించి, తలుపు దగ్గరగా వేసి కూర్చున్నారు.

"ఆపేం, బాగానే ఉంది. ఎందుకాపేమో రాసివ్వాలి కదండీ. ఎవరి తప్పు ఇది?"

"మేస్త్రిగారు నాకు చెప్పకుండా గాజు కలిపారండి."

"పిలిపించండి ఆయన్ని."

"చనిపోయారండి."

ఆయన ముఖంలో ఊరట కనిపించింది. దాచుకోవాలని కూడా అనుకోలేదు. "మరింకేమండీ! తయారీలో లోపం అని ఒక్క పేరా రాయండి. ఆయనే కలిపేడని ఇంటివాళ్ళ చేత సంతకం పెట్టించండి. యూనివర్సిటీవాళ్ళు సవరణ వేసుకుని వదిలేస్తారు. మీ డిగ్రీకి ఢోకా ఉండదు. పోయినాయనకి కొత్తగా పోయేదేముందండీ?"

"పలకలు నేనే స్వయంగా చేశానని థీసిస్‌లో ఉందండి."

"సహాయకుడి సాయంతో అని మారుద్దారండి. దాందేముంది."

ఆ కాగితం నేనే టైపు చేశాను. ఇంగ్లీషులో ఆరు వరుసలు. మూడో వరుసలో ఆయన పూర్తి పేరు. నన్నెవరూ బలవంతపెట్టలేదు.

ఆదివారం ఆ కాగితం పట్టుకుని ఓడలరేవు వెళ్ళాను. షెడ్డు ముందు ఒక పడవ సగం మాటుతో అలాగే బోర్లించి ఉంది. మేస్త్రిగారి భార్య ఇప్పుడు రొయ్యల షెడ్డుకి పనికి వెళ్తున్నారట. ఆదివారం కావడంతో ఇంట్లోనే ఉన్నారు. నన్ను చూసి గబగబా పీట వాల్చి, చల్ల తెచ్చి ఇచ్చారు. ఎందుకు రాలేదని అడగలేదు. అడిగితే బాగుండేది.

"పిన్నిగారూ, ఒకటి అడుగుతాను. మేస్త్రిగారు నా పలకల్లో గాజు ఎక్కువ కలిపారా?"

ఆవిడ ముఖం వెలిగిపోయింది. నేను దేనికైనా సిద్ధపడి వెళ్ళాను గాని దానికి కాదు.

"తెలిసిపోయిందాండీ? ఆయన అననే అన్నేరండి, అమ్మాయిగారు చదువుకున్నోరు, ఎప్పుడోకప్పుడు పట్టేస్తారని. ఆయ్, ఇద్దరం కూర్చుని ఏకేమండి. మూడు రోజులు పట్టింది. నా ఏళ్ళన్నీ పుళ్ళైపోయేయి. పలక మందం పెరిగితే మీకు అనుమానం వస్తదని, అంత పీచు తీసేసి అంత గాజు కలిపేరు. పాకం తాగేక గాజు కనపడదు కదండీ."

"ఎందుకండీ?" నా గొంతు పైకి లేచింది. "ఎందుకు కలిపారండీ?"

ఆవిడ నా వంక వింతగా చూశారు. "ఎందుకంటారేంటండీ? మీరు ఫెయిలయ్యేరు కదండీ."

"నేనా?"

"అన్నీ ఫెయిలయ్యేయి, ఒక్కటీ మిగల్లేదని మీరే కదండీ చెప్పేరు, అదిగో, ఆ పీట మీద కూర్చుని. మీరు పైకి నవ్వుతున్నారు గాని లోపల ఎంత బాధ ఉంటదో అన్నేరాయన. ఆ పూట అన్నం ముట్టలేదండి. నా పలకల మూలాన ఆడపిల్ల పరీక్ష పోయిందే, నా చేతి మీద ఇలా ఎప్పుడూ జరగలేదే అని ఒకటే ఇది. ఈసారి ఫెయిలవకూడదన్నేరు. అవలేదు కదండీ?"

చల్ల గ్లాసు కింద పెట్టేశాను. ఓడలరేవు నుంచి మా కాలేజీకి గంట ప్రయాణం. రెండేళ్ళలో ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఆయన్ని లాబ్‌కి తీసుకెళ్ళి, ఇదిగో మేస్త్రిగారూ, ఇది ఇలా తెగాలండి, తెగడమే మనకి కావాలండి అని చూపించి ఉంటే సరిపోయేది. నాకు తట్టలేదు. పలకలు తీసుకోవడానికి నేను వెళ్ళాలని తెలుసు, ఆయన్ని రమ్మనాలని తెలియలేదు.

ఆవిడ లోపలికి వెళ్ళి ప్లాస్టిక్ సంచీ ఒకటి తెచ్చారు. ఆధార్ కార్డులు, రేషన్ కార్డు, వాటి కింద నా థీసిస్.

"కువైట్ నుంచి మా మరిదొచ్చినప్పుడు ఇది చదివించేరండి. ఆడికి ఇంగ్లీషొచ్చు. నా పేరు ఎక్కడుందో చూడరా అన్నేరు. ఆడు రెండు రోజులు చూసి లేదన్నాడు. ఈయన ఒప్పుకోలేదండి. ఇంత లావు పుస్తకం, నువ్వు సరిగ్గా చూసుండవు, ఏ మూలో ఉంటదిలే అన్నేరు."

ఆ పుస్తకం మొదట్లో కృతజ్ఞతలకి రెండు పేజీలున్నాయి. గైడుగారికి, ప్రిన్సిపాల్‌గారికి, అమ్మానాన్నలకి, హాస్టల్ వార్డెన్‌కి. కరెంటు పోయినప్పుడల్లా ఆదుకున్న జనరేటర్‌కి కూడా సరదాగా ఒక వాక్యం రాశాను.

నా ఒళ్ళో ఉన్న కాగితం ఆవిడ కంట్లో పడింది. "ఇదేంటండీ?" అంటూ చేతిలోకి తీసుకున్నారు. వరుసల మీద వేలు పెట్టి జరుపుకుంటూ వచ్చి, మూడో వరుస దగ్గర ఆగారు.

"ఇది ఆయన పేరేనండీ! ఆధారు మీద ఇలాగే ఉంటది." కాగితం కళ్ళకి అద్దుకున్నారు. "ఎక్కించేరన్నమాట. చూసేరా, ఇన్నాళ్ళకి ఎక్కించేరు. సంతకం చెయ్యాలాండీ నేను? ఎక్కడ?"

ఆ క్షణంలో సంతకం పెట్టించుకుని లేచి రావడం ఎంత తేలికో నాకు బాగా తెలుసు. అందుకే గబగబా చెప్పేశాను. పిన్నిగారూ, అది గొప్ప చెప్పే కాగితం కాదండి, ఆయన తప్పు చేశారని రాసిన కాగితమండి అన్నాను. ఫెయిలవడమంటే ఏమిటో చెప్పాను. వంతెన సంగతి, ఇసుక బస్తాల సంగతి చెప్పాను. పడవల మనిషి, నేను సగం చెప్పేసరికే ఆవిడకి అంతా అర్థమైంది. వేలు ఆ పేరు మీదే ఉండిపోయింది.

"పిల్లలు నడిచే వంతెనాండీ?"

"అవునండి."

"వేసేసేరా?"

"లేదండి. ఆపేశాం."

ఊపిరి వదిలారు. బయట ఎవరో ఇంజను స్టార్ట్ చెయ్యబోతున్నారు, అది అందుకోవడం లేదు.

"అయితే తప్పేనండి," అన్నారు చివరికి. "మంచికే చేసేరు గాని తప్పే." కాగితం వంక మళ్ళీ చూసి, "ఇప్పుడు మీ చదువు పోద్దాండీ?" అన్నారు.

"తెలియదండి."

"ఇది పెడితే?"

"ఇది ఇస్తే... పోదన్నారండి."

"మరైతే కలం ఇవ్వండి."

నేను కదల్లేదు. ఆవిడే నా హ్యాండుబ్యాగుకి గుచ్చి ఉన్న పెన్ను తీసుకున్నారు. నేల మీద కాగితం పరిచి, వంగి, ఒక్కో అక్షరం ఆగి ఆగి రాశారు. సంతకం పూర్తయ్యాక కాగితం నా చేతిలో పెట్టి మడత పెట్టించారు.

"తప్పంటే తప్పనే రాసుకోండి. ఆయన ఏమీ అనుకోరు. మీరు పాసవ్వాలనే కదండీ ఆయన చేసింది."

ఆ కాగితం ఇంకా నా దగ్గరే ఉంది. హెచ్.ఓ.డి.గారు రెండుసార్లు అడిగారు, మూడోసారి అడగడం మానేశారు. ఆయన నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. పేటవాళ్ళు వంతెన ఎప్పుడని ఫోన్ చేస్తున్నారు. గాజు మూడు పొరలు వేసి, ముందు బస్తాలతో విరగ్గొట్టి చూసి, ఆ తరవాతే ఇస్తామని చెప్పాను. ఇంతసేపూ ఆయన గురించి రాస్తూ ఇక్కడ ఆయన పేరు రాయలేదు. ఇక్కడ రాసి చేతులు దులుపుకోవడం నాకు తేలిక. అది ముందు పడాల్సిన చోటు వేరే ఉంది.

యూనివర్సిటీకి ఉత్తరం నిన్న పోస్టు చేశాను. 'నా థీసిస్‌లోని పలకలు నేను చెయ్యలేదు' అన్నది మొదటి వాక్యం. రెండో వాక్యం ఆయన పేరుతో మొదలవుతుంది.